పద్నాలుగో అధ్యాయంలో పన్నెండో బాణం

సన్నీవేల్‌లో స్కూలు పిల్లల యాప్‌లకు పాఠాలు రాసే తెలుగు కుర్రకారు నలుగురు ఈ మధ్య నన్ను వీడియో కాల్‌లో కూర్చోబెట్టారు. "ఆంటీ, మీ టైమ్‌లో కంటెంట్ ఎలా క్రియేట్ చేసేవాళ్లు?" అని అడిగారు. కాగితాలు అంటించే మైనం, కత్తెర, చాకు, పసుపు చీటీలు అని చెప్పాను. క్రాఫ్ట్ క్లాసు అనుకుని నవ్వుకున్నారు. నవ్వడం అయ్యాక వాళ్లలో ఒకమ్మాయి, "మీరు చేసిన బిగ్గెస్ట్ మిస్టేక్ ఏంటి ఆంటీ?" అంది. అప్పటికప్పుడు ఏదో అచ్చుతప్పు సంగతి చెప్పి తప్పించుకున్నాను. ఇది ఆ అమ్మాయికి చెప్పాల్సిన అసలు జవాబు.

ప్రమోషన్ల గురించి రాయను. రెండే వచ్చాయి. రెండూ నా ముందువాళ్లు విసిగిపోయి మానేయడం వల్ల వచ్చినవే.

పని అంటే ఏమిటి

మాది బందరు. వాల్తేరులో చరిత్ర ఎం.ఏ. చదివి, ట్రాక్టర్ల కంపెనీ ఇంజనీరు ప్రభాకర్‌ని పెళ్లి చేసుకుని, ఇల్లినాయ్‌లో అరోరా చేరాను. ఊరి చివర మొక్కజొన్న చేల పక్కన, పరుపుల గోడౌన్‌కి ఆనుకుని ఒక పాఠ్యపుస్తకాల ప్రచురణ సంస్థ ఉండేది. 1977లో ప్రూఫులు చూడటానికి అక్కడ చేరి, ఏడాది తిరిగేసరికి 'విషయ పరిశీలకురాలు' అయ్యాను. పుస్తకంలో రాసిన ప్రతి సంగతీ నిజమా కాదా అని చూడటం ఆ ఉద్యోగం. కనీసం కాగితం మీద అంతే.

ఒక్కో సంగతికి ఒక్కో పసుపు చీటీ ఉండేది. దాని మీద మూడు గళ్లు: విషయం, ఆధారం, చూసినవారి సంతకం. ఒక్క ఆధారం ఉంటే అనుమానం, రెండుంటే నిజం. ఇదీ మా లెక్క. నైలు నది పొడవుకీ, రాజుగారి పట్టాభిషేకానికీ ఒకటే కొలత.

పాఠ్యపుస్తకాల ఎడిటర్ పని తప్పులు దిద్దడమని బయటివాళ్లు అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని చేరాను. రెండు నెలల్లోనే నిజం తెలిసింది. తప్పులు ఎవరికీ పట్టవు. ఎవరికీ కోపం రాకుండా చూడటం మా పని. ఒక పుస్తకంలో ఒక సముద్రం పేరు తప్పు పడి మూడేళ్లు అలాగే ఉండిపోయింది. ఒక్క ఉత్తరం రాలేదు. అదే పుస్తకంలో ఒక ఆవు బొమ్మ విచారంగా ఉందని పదకొండు ఉత్తరాలు వచ్చాయి. ఆవుని మార్చాం.

టెలిఫోన్ అంటే భయపడే బాసు

మా బాసు పేరు హాల్వర్సన్. మంచి మనిషి, కానీ ఫోన్ మోగితే మొహంలో నెత్తుటి చుక్క ఉండేది కాదు. బల్ల మీద ఒక గాజు సీసా నిండా కడుపు మంటకి వేసుకునే తెల్లబిళ్లలు ఉండేవి. ఫోన్ మోగగానే ఒకటి నోట్లో వేసుకుని అప్పుడు ఎత్తేవాడు. ఆయన సిద్ధాంతం ఒక్కటే: ఒక ఫిర్యాదు వస్తే ఆ సంగతి 'సున్నితం', రెండు వస్తే మార్చేయాలి. నిజమా కాదా అన్న ప్రశ్న ఆయన సిద్ధాంతంలో ఎక్కడా తగలదు. అలాగని ఆయన్ని తీసిపారేయకండి. ఆ ఆఫీసులో తన భయాన్ని దాచుకోని మనిషి ఆయన ఒక్కడే. మిగతా మేమందరం మా భయానికి వేరే పేర్లు పెట్టుకున్నాం.

1979లో హైస్కూలు ప్రపంచ చరిత్ర పుస్తకం పని మొదలైంది. పద్నాలుగో అధ్యాయం పేరు 'పొరుగు సామ్రాజ్యాలలో బానిసత్వం, బానిస వ్యాపారం'. రాసింది వైట్‌కాంబ్ అనే రిటైరైన ప్రొఫెసరమ్మ. డెబ్భై దాటినావిడ, ఉత్తరాలు టైపు చేసి కింద పచ్చసిరాతో దిద్దేది. ఉస్మానియా టర్కీ, పారశీకం, రష్యా, మొఘల్ హిందుస్థాన్ ఈ నాలుగూ సరిహద్దుల కోసం కొట్టుకు చచ్చిన రాజ్యాలు కదా, మనుషుల్ని అమ్ముకునే బజారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒకరి సరుకు ఒకరు కొనుక్కునేవారని ఆవిడ వాదన. దానికో మ్యాపు. నల్ల సముద్రం ఒడ్డు నుంచి, కాకసస్ కొండల నుంచి, తూర్పు ఆఫ్రికా నుంచి, హిందూకుష్ కనుమల మీదుగా ఎర్ర బాణాలు. మనుషుల్ని ఎక్కడి నుంచి ఎక్కడికి తోలుకుపోయారో చూపే గుర్తులు అవి. మొత్తం పదకొండు.

ఆ పదకొండు బాణాలు మా హాల్వర్సన్ చేత ఎన్ని బిళ్లలు మింగించాయో నాకు తెలుసు.

ఇంట్లో మనిషి

అప్పట్లో అచ్చుకి ముందు ప్రతి అధ్యాయాన్నీ ఆ దేశాల మూలాలున్న పెద్దమనుషులకు పంపి అభిప్రాయం అడిగేవాళ్లం. ఈ అధ్యాయాన్ని నాలుగు సామ్రాజ్యాల వారసులకు పంపాం. ఒకరు పళ్ల డాక్టరు, ఒకరు రిటైర్డ్ కల్నలు, ఒకరు పియానో టీచరు, ఒకరు ఇంజనీరు. ఎవరు ఏ దేశమో చెప్పను. చెప్పినా తేడా ఏమీ ఉండదని మీకే తెలుస్తుంది.

నాలుగు ఉత్తరాలూ ఒకే వారంలో వచ్చాయి. నాలుగూ బల్ల మీద వరసగా పరుచుకుని చదివాను. అధ్యాయం చాలా బాగుందనీ, పొరుగు సామ్రాజ్యం సంగతి ఉన్నదున్నట్టు ధైర్యంగా రాశారనీ ముందు మెచ్చుకోలు. అయితే తమ సామ్రాజ్యం విషయంలో మాత్రం ఒక చిన్న సవరణ అవసరమట. తమ దగ్గర ఉన్నది అసలు బానిసత్వం కాదట. నాలుగు ఉత్తరాల్లోనూ తరవాతి వాక్యం ఒక్కటే: "మా వైపు వాళ్లని ఇంట్లో మనిషిలా చూసుకునేవారు."

ఒకరినొకరు ఎరగని నలుగురు. పక్కవాడి మీద మాత్రం నలుగురికీ ఖచ్చితమైన సమాచారం ఉంది. నాలుగు ఉత్తరాలూ కలిపి చదివితే ఆ రాజ్యాలన్నింటిలోనూ బానిసత్వం ఉంది. విడివిడిగా చదివితే ఎక్కడా లేదు.

నాలుగు ఫిర్యాదులు కాబట్టి సిద్ధాంతం ప్రకారం మార్పులు మొదలయ్యాయి. మొదట 'బానిస' అనే మాట పోయి 'స్వేచ్ఛ లేని వ్యక్తి' వచ్చాడు. స్వేచ్ఛ లేదంటే ఎవరో తీసేసుకున్నట్టు ధ్వనిస్తోందని అతను 'పనివాడు' అయ్యాడు. పనివాడంటే కార్మిక సంఘాలు ఏమనుకుంటాయో అని 'కొత్తగా వచ్చినవాడు' అయ్యాడు. చివరికి తేలిన వాక్యం ఇది: "చాలామంది కొత్తవారు నల్ల సముద్రం దాటి వచ్చారు. వారిలో కొందరికి తిరిగి వెళ్లే సౌకర్యం లేదు."

బానిసల బజారు బొమ్మ ఒకటి ఉండేది. అరుగు మీద తలలు వంచుకుని నిలబడ్డ ఆడవాళ్లు, కింద బేరం చేస్తున్న మగవాళ్లు. దాని కింద 'బజారులో సందడిగా ఒక రోజు' అని పెట్టారు. అధ్యాయం చివరి ప్రశ్నల్లో "ఈ బజారులో ఏమి అమ్ముతున్నారు?" అని అంతకుముందే ఉంది. దాన్ని తీసేయడం మరిచిపోయారు. టీచర్ల ప్రతిలో జవాబు మాత్రం మార్చారు: "సుగంధ ద్రవ్యాలు."

ఇంతలో సేల్స్ వాళ్లు వచ్చారు. ఇరాన్‌లో అమెరికా ఎంబసీ వాళ్లని నిర్బంధించిన రోజులవి. "ఈ ఏడాది పారశీకం బాణాలు కొంచెం లావు చేస్తే బాగుంటుంది, స్కూళ్లలో ఉత్సాహం ఉంది" అన్నారు. లావు చేశాం. ఏడాది తరవాత బందీలు విడుదలయ్యాక మళ్లీ సన్నం చేశాం.

అన్నింటికీ మించినది దక్షిణాదిన ఒక పెద్ద రాష్ట్రంలో పుస్తకాలు ఎంపిక చేసే కమిటీ. ఆ కమిటీ ఛైర్మన్‌కి పద్నాలుగో అధ్యాయం ఎంతో నచ్చింది. ఇంకో నాలుగు పేజీలు పెంచమన్నాడు. "ఇలాంటివి అందరూ చేశారని మన పిల్లలకి తెలియాలి" అని రాశాడు. అందుకు చోటు కోసం అమెరికాలో బానిసత్వం గురించి ఉన్న ఇరవై రెండో అధ్యాయంలో నాలుగు పేజీలు తగ్గించమన్నాడు. తోటల యజమానుల్లో చాలామంది దయగలవాళ్లనీ, తమ దగ్గరున్న వాళ్లని... ఆ వాక్యం మీరే పూర్తి చేసుకోండి.

ఆ విధంగా బానిస వ్యాపారం మీద అధ్యాయం నెలనెలా పెరుగుతూ, అందులో బానిసలు నెలనెలా తగ్గుతూ వచ్చారు. నేను రోజూ ఇంటికి వచ్చి ఈ కబుర్లు ప్రభాకర్‌కి చెప్పి పడీపడీ నవ్వేదాన్ని. మనుషులు తమ ఇంటి సంగతి వచ్చేసరికి ఎంత గుడ్డివాళ్లో అని గొప్పగా వ్యాఖ్యానించేదాన్ని కూడా.

డెల్లా డబ్బా

మ్యాపులు గీసేది డెల్లా. యాభై ఏళ్ల నల్లజాతి మనిషి. చిన్నప్పుడే మిసిసిపీ నుంచి షికాగో వచ్చిన కుటుంబం. మాట తక్కువ, చెయ్యి కదిలితే గీత వంకర పోదు. అప్పట్లో మ్యాపులో ఒక్కో రంగుకి ఒక్కో పారదర్శకపు ప్లాస్టిక్ షీటు ఉండేది. నీలం షీటు మీద సముద్రాలు, నలుపు మీద పేర్లు, ఎరుపు మీద బాణాలు. అన్నీ ఒకదాని మీద ఒకటి పరిస్తే మ్యాపు. ఎర్ర బాణాల్ని డెల్లా జిగురు ఫిల్మ్‌లోంచి చాకుతో కోసి అంటించేది. తీసేయమంటే చాకు మొనతో లేపి తీసేది.

తీసేసిన బాణాల్ని పారేసేది కాదు. బిస్కెట్ల రేకు డబ్బా మూత లోపలివైపు వరసగా అంటించి ఉంచేది. ఎందుకని అడిగితే, "కష్టపడి కోసినవి. ఎప్పుడో మళ్లీ అడుగుతారు" అంది. హాల్వర్సన్ దగ్గర నుంచి వచ్చే చీటీలు ఆవిడకి అందించేది నేనే. ప్రతిసారీ ఏదో జోకు వేసేదాన్ని. ఆవిడ నవ్వేది కాదు, కోప్పడేది కాదు. బాణం లేపి మూతకి అంటించేది. ఆవిడకి హాస్యం తెలియదని నేను అనుకున్నాను. ఈ వ్యాసంలో నేను ఒప్పుకోవాల్సిన తప్పుల్లో అది చిన్నది.

నా తప్పు

1981 వేసవిలో ప్రొఫెసరమ్మ మ్యాపుకి ఒక సవరణ పంపింది. తీసేసిన బాణాల గురించి ఒక్క మాట లేదు. కొత్తగా ఒకటి చేర్చమంది, పన్నెండోది. కోరమాండల్ తీరం నుంచి బంగాళాఖాతం దాటి తూర్పు దీవులకి. పదిహేడో శతాబ్దంలో కరువులు వచ్చినప్పుడు తల్లిదండ్రులు పిల్లల్నీ, కొందరు తమని తామే అమ్ముకున్నారనీ, డచ్చి వర్తకులు కొని ఓడల్లో తీసుకుపోయారనీ, ఆ ఓడలు బయలుదేరిన రేవుల్లో ఒకటి మచిలీపట్నమనీ పచ్చసిరాతో రాసింది.

మచిలీపట్నం అంటే బందరు.

నాకు ఒళ్లు మండింది. ఈవిడకి బందరు గురించి ఏం తెలుసు? బందరంటే కలంకారీ, బందరంటే లడ్డు, బందరంటే చదువుకున్నవాళ్ల ఊరు. చరిత్రలో ఎం.ఏ. చేసినదాన్ని, నేను ఎప్పుడూ వినలేదే! నేను వినలేదు కాబట్టి జరగలేదని ఆ క్షణంలో నాకు అనుమానం లేకుండా తెలిసిపోయింది.

పసుపు చీటీ మీద 'ఆధారాలు చాలవు' అని రాసి పంపాను. ఆవిడ రెండు ఆధారాలు పంపింది. నైలు నదికి రెండు చాలు. బందరుకి మూడు కావాలన్నాను. మూడోది వచ్చింది. అది డచ్చి భాషలో ఉందని వంక పెట్టాను. నాలుగోది ఇంగ్లీషులో పంపింది, కింద పచ్చసిరాతో 'మీ శ్రద్ధకి కృతజ్ఞతలు' అని రాసి మరీ. నిజంగానే కృతజ్ఞత చెప్పిందో, వాత పెట్టిందో ఇప్పటికీ తెలియదు.

ఆధారాల దారి మూసుకుపోయాక వృత్తి నైపుణ్యం బయటికి తీశాను. మ్యాపు రెండు పేజీల మీద పరుచుకుని ఉంటుంది కదా. ఆ బాణం సరిగ్గా రెండు పేజీల నడుమ మడతలో పడుతుందనీ, బైండింగ్‌లో కనిపించకుండా పోతుందనీ, అందంగా ఉండదనీ రాశాను. అది అబద్ధం. మడతకి రెండు వేళ్ల ఎడం ఉంది. అదీ చాలదనిపించి కింద ఇంకో వాక్యం చేర్చి, సంతకం పెట్టి, హాల్వర్సన్ ఫైల్లో ఒక కాపీ వేసి, రెండోది డెల్లా బల్ల మీద పెట్టాను.

డెల్లా అప్పటికే పన్నెండో బాణం కోసి అంటించి ఉంది. చీటీ తీసుకుని చదివింది. చాకు తియ్యలేదు. కళ్లజోడు సర్దుకుని నా చివరి వాక్యాన్ని పైకి చదివింది.

"ఆ ప్రాంతంలో కరువు కాలంలో ఇళ్లలో చేరినవారిని ఇంట్లో మనిషిలా చూసుకునేవారు."

చీటీ బల్ల మీద పెట్టింది.

"ఇది నీకు ఎలా తెలుసు?" అని అడిగింది.

"మా ఇంట్లోనే ఉండేది" అన్నాను. చెప్పాక గానీ చెప్పానని తెలియలేదు. "మాణిక్యమని. మా నాయనమ్మ ఇంట్లో పని చేసేది. జీతం అదీ ఏం లేదు, మాతోపాటే తినేది. నన్ను ఎత్తుకుని పెంచింది. దసరాకి కొత్త చీర పెట్టేవాళ్లం. నిజంగా ఇంట్లో మనిషే."

"మీతోపాటే కూర్చుని తినేదా?"

"అందరూ తిన్నాక."

"ఎక్కడ పడుకునేది?"

"వంటింటి వెనక వసారాలో."

"మానేసి వెళ్లిపోవచ్చా?"

"ఎక్కడికి వెళ్తుంది, ఆవిడకి ఎవరూ లేరుగా" అన్నాను.

"ఆవిడ ఇంటిపేరు ఏమిటి?" అంది డెల్లా.

తెలుగువాళ్లం ఎక్కడ కలిసినా మొదట అడిగేది ఇంటిపేరు. అరోరాలో, పక్కనున్న నేపర్‌విల్‌లో ఉన్న తెలుగు కుటుంబాలన్నింటి ఇంటిపేర్లూ నాకు నోటికి వచ్చు. కిరాణా షాపులో కలిసిన కొత్తవాళ్లని కూడా ఉల్లిపాయలు ఏరుకునేలోపు అడిగేస్తాను. మాణిక్యం ఇంటిపేరు నాకు తెలియదు. తెలుసుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు. ఆవిడకి ఒకటి ఉండి ఉంటుందన్న ఊహ కూడా నాకు రాలేదు.

"మా ముత్తవ్వని కొనుక్కున్న వాళ్ల ఇంటిపేరే మాకు ఇప్పటికీ ఇంటిపేరు" అంది డెల్లా. "జీతం చెక్కు మీద కూడా అదే." అప్పుడు చాకు తీసి, పన్నెండో బాణాన్ని నెమ్మదిగా లేపి, డబ్బా మూతకి అంటించింది. "చీటీ మీద నీ సంతకం ఉంది. నేను చెప్పింది చేస్తాను, అంతే."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇంతకంటే మర్యాదైన మాట నా దగ్గర లేదు.

ఫిర్యాదు ఎలా చేయాలి

మర్నాడు హాల్వర్సన్ దగ్గరికి వెళ్లి, పన్నెండో బాణం మళ్లీ పెట్టాలన్నాను. ఆయన ఫైలు తీశాడు.

"దీని మీద ఒక ఫిర్యాదు ఉంది" అన్నాడు.

"అది నాదే."

"అయితే సున్నితమైన సంగతే."

"వెనక్కి తీసుకుంటున్నాను."

ఆయన కంగారుపడ్డాడు. ఇన్నేళ్లలో ఫిర్యాదు వెనక్కి తీసుకున్నవాళ్లు లేరు. దానికి ఫారం లేదు. ఫిర్యాదు చేయడానికి మూడు రకాల ఫారాలున్నాయి. చాలాసేపు ఆలోచించి, ఒక బిళ్ల వేసుకుని, ఆయనే దారి చెప్పాడు. బాణం తీసేసినందుకు రెండు ఫిర్యాదులు వస్తే పెట్టక తప్పదు. ఆ ప్రాంతం మూలాలున్నవాళ్లు ఎవరైనా సరే. నేను ఉద్యోగిని కాబట్టి నాది సగమే లెక్క. అయినా 'అవతలి పక్షానికీ ఇవతలి పక్షానికీ నువ్వే ఉంటే బాగుండదు' కాబట్టి, ఆ సగం కూడా వద్దన్నాడు. ఇద్దరు బయటివాళ్లు సంతకం పెట్టిన ఉత్తరాలు కావాలి. పేజీలు ప్రెస్సుకి వెళ్లడానికి పది రోజులుంది.

నాకు పరమ సులువనిపించింది. ఆ ఆదివారం మా తెలుగువాళ్ల పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చుకునే విందు, ఉంది. ఇరవై కుటుంబాలు, అందరూ చదువుకున్నవాళ్లు. ఒక్క పేజీ ఉత్తరం టైపు చేసుకుని, పులిహోర గిన్నెతో పాటు పట్టుకెళ్లాను.

గుంటూరు ఆయన, సివిల్ ఇంజనీరు, ఉత్తరం చదివి వెంటనే తిరిగి ఇచ్చేశాడు. "మాది డెల్టా అండీ. కాలవలున్న చోట కరువేంటి? ఇట్లాంటియ్యి మీ బందరు వైపు జరిగుంటయ్యి గానీ, మా వైపు లేవండీ."

కాలవలు వచ్చింది రెండు వందల ఏళ్ల తరవాతనని చెప్పాను. ఆనకట్టల్లో స్పెషలైజ్ చేసిన మనిషి, తెలియక కాదు. "అయినా గానీ" అని గారెల వైపు వెళ్లిపోయాడు.

నెల్లూరావిడ ఉత్తరం ముట్టుకోనే లేదు. "మా తట్టు అట్లాంటివేం లేవు సుగుణమ్మా. ఉంటే గింటే ఆ కింద పులికాట్ కాడ, తమిళమోళ్లు చేసుంటారు. మావాళ్లు చానా మంచోళ్లు. పాలేళ్లని కూడా ఇంట్లో మనిషి మాదిరి చూస్తారు" అంది.

వరంగల్ డాక్టరుగారు పెద్దగా నవ్వాడు. "గిది సముద్రం ముచ్చట గదమ్మా. మాకు సముద్రమే లేదాయె, ఓడలెక్కడ ఎక్కిస్తం? గివన్నీ మీ ఆంధ్రోళ్ల కథలు."

"మరి వెట్టి, డాక్టరుగారూ?"

నవ్వు ఆగింది. "వెట్టి వేరేనమ్మా" అన్నాడు. "గది దొరల టైమ్‌ల. మా ఇంట్ల అయితే..." ఆగి, నా మొహం చూసి, వాక్యం అక్కడే వదిలేశాడు. ఆ మాట పూర్తి చేయకుండా ఆగిన మనిషిని నేను ఆయన ఒక్కణ్నే చూశాను. ఉత్తరం తీసుకుని మళ్లీ ఒకసారి చదివి, జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టాడు. "మాకు సముద్రం లేకపోయినా సరే, పెట్టుకో" అన్నాడు.

ఒకటి వచ్చింది. రెండోది ఎక్కడా లేదు. విజయవాడ వాళ్లు ఏలూరు మీద, ఏలూరు వాళ్లు కాకినాడ మీద, కాకినాడ వాళ్లు ఒరిస్సా మీద పెట్టారు. విశాఖపట్నం అబ్బాయి గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూలో ఇది అడుగుతారేమోనని భయపడ్డాడు. నాలుగు సామ్రాజ్యాల మీద నేను రెండేళ్లు పడీపడీ నవ్విన నవ్వంతా పెరుగన్నం, ఊరగాయ సాక్షిగా వెనక్కి వచ్చి తగిలింది.

మా అమ్మ ఆ వేసవి మా దగ్గరే ఉంది. మడత కుర్చీలో కూర్చుని నా గొడవంతా వింటోంది. ఉన్నట్టుండి అందరికీ వినపడేలా, "అదేంటే, మాణిక్యం వాళ్ల అమ్మమ్మని కరువులో మీ ముత్తాత రెండు బస్తాల చోళ్లిచ్చి తెచ్చుకున్నాట్ట కదా! మీ నాయనమ్మ చెప్పేది" అంది.

ఇరవై కుటుంబాలూ పళ్లేల్లోకి చూస్తున్నాయి. అమ్మకి అర్థం కాలేదు. తను ఎవరికీ తెలియని రహస్యం చెప్పాననుకోలేదు. పాత కబురు చెప్పింది. "ఎందుకే ఆ కాయితం, ఇటివ్వు" అని తీసుకుని, పళ్లెం కింద పెట్టుకుని, తెలుగులో తీరిగ్గా సంతకం చేసింది.

కారులో వస్తూ అడిగాను. "అమ్మా, మాణిక్యం ఇంటిపేరు ఏంటి?"

"దానికి ఇంటిపేరెందుకే? మన ఇంట్లో మనిషేగా" అంది వెంటనే.

ప్రభాకర్ డ్రైవ్ చేస్తున్నాడు. మొక్కజొన్న చేలు దాటాం, రైలు గేటు దాటాం. మా అపార్ట్‌మెంట్ దగ్గర కారు ఆగాక అమ్మ దిగలేదు. "నేను కాపరానికి వచ్చినప్పుడు అదే ఎదురొచ్చి నా కాళ్లు కడిగింది. పురుళ్లు పోసింది. పోయినప్పుడు నేనే దాని నోట్లో నీళ్లు పోశాను" అంది. "అడగలేదే. ఒక్కసారి కూడా అడగలేదు." అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

మడత

హాల్వర్సన్ రెండు సంతకాలూ పరీక్షగా చూశాడు. డాక్టరుది మామూలుగా తీసుకున్నాడు. అమ్మ సంతకం చదవలేకపోయాడు గానీ, దాని గుండ్రటి అక్షరాలు చూసి బాగా జంకాడు. "ఈవిడ ముఖ్యమైన మనిషిలా ఉంది" అన్నాడు. బాణం పెట్టమని చీటీ రాశాడు. డెల్లా డబ్బా మూత తెరిచి, పన్నెండో బాణాన్ని లేపి, మళ్లీ మ్యాపు మీద అంటించింది. ఆవిడ నవ్వడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. "చెప్పానుగా, మళ్లీ అడుగుతారని" అంది. అడిగింది ఆ ఒక్కదాన్నే. మిగతావి ఆవిడ రిటైరయ్యేదాకా డబ్బాలోనే ఉన్నాయి.

ఇంతలో దక్షిణాది కమిటీ నాలుగు పేజీల పుణ్యమా అని పేజీలన్నీ జరిగాయి. మ్యాపుని రెండు వేళ్లు పక్కకి జరపాల్సి వచ్చింది. పుస్తకం అచ్చయి వచ్చాక ఆత్రంగా తెరిచి చూశాను. పన్నెండో బాణం సరిగ్గా రెండు పేజీల నడుమ మడతలో పడింది. నేను రాసిన అబద్ధం ఏడాది తిరగకుండా నిజమైంది. ఆ అధ్యాయంలోని మనుషులకి 'బానిస' అనే మాట చివర సూచికలో ఒక్కచోటే మిగిలింది, ఎందుకంటే సూచిక చేసే ఆయనకి మార్పులు ఎవరూ చెప్పలేదు. 'బానిసలు, పద్నాలుగో అధ్యాయం చూడుము' అని ఉంటుంది. చూస్తే ఉండరు.

పాత పుస్తకాల షాపులో ఆ పుస్తకం మీకెప్పుడైనా కనిపిస్తే, ఆ మ్యాపు తెరిచి నడుమ గట్టిగా నొక్కి చూడండి. బైండింగ్ పగిలినా ఫరవాలేదు. బందరు ఒడ్డున చిన్న ఎర్ర ముక్క కనిపిస్తుంది.

ఇక ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు. నాలుగు సామ్రాజ్యాల వాళ్లు రాసిన వాక్యాన్ని నేనూ రాశాను. వాళ్ల మీద నవ్విన తరవాత రాశాను. అదే నా పెద్ద తప్పు. ఈ పనిలో ఉన్నన్నాళ్లూ ఏదైనా ఒక సంగతికి మీరు మామూలుకన్నా ఎక్కువ ఆధారాలు అడుగుతున్నారంటే, అడగడం ఆపి, అది ఎవరి ఊరో చూసుకోండి.

పన్నెండో బాణానికి నేను రాసిన కొత్త పసుపు చీటీ నా దగ్గరే ఉంది. రిటైరైన రోజు ఆఫీసు నుంచి తెచ్చుకున్న కాగితం అదొక్కటే. విషయం అన్న గడిలో బాణం సంగతి ఉంది. ఆధారం అన్న గడిలో ప్రొఫెసరమ్మ పంపిన నాలుగు పుస్తకాలూ వరసగా ఉన్నాయి. వాటి కింద, తెలుగులో, ఐదోది. ఆ బాణానికీ దానికీ రెండు వందల ఏళ్ల ఎడం ఉంది, రుజువుగా పనికిరాదని నాకు తెలుసు. అయినా రాశాను.

మాణిక్యం. తరవాత, ఇంటిపేరు కోసం ఒక గీత గీసి వదిలేశాను. బందరు వెళ్లిన ప్రతిసారీ అడిగాను. చెప్పగలిగినవాళ్లు లేరు.

గీత ఖాళీగానే ఉంది.